కూజా కంటే ముందు ఆకు చివర చూడాలి: పిచ్చర్ ప్లాంట్‌తో నా అనుభవం

పురుగుల్ని కూజాల్లాంటి ఉచ్చుల్లో పట్టి తినే పిచ్చర్ ప్లాంట్ తెచ్చుకున్నవాళ్ల చూపంతా మొదట ఆ కూజాల మీదే ఉంటుంది. ఎన్ని ఉన్నాయి, ఎంత పొడవున్నాయి, లోపల ఏం పడింది అని. నేనూ వంగి వంగి అవే చూసేదాన్ని. ఇప్పుడు మాత్రం పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్లగానే ముందు అన్నిటికంటే కొత్త ఆకు చివర చూస్తాను. ఆకు కొసన నులితీగ, నులితీగ కొసన గుండుసూది తలంత మొగ్గ. ఆ మొగ్గ పెరుగుతుంటే మొక్కకు అన్నీ సరిపోతున్నట్టు. నల్లబడి ఎండిపోతే వెలుతురో, తేమో, నీళ్లో, ఏదో ఒకటి కుదరనట్టు. తెచ్చిన రోజున ఉన్న కూజాలు వేరే చోట, వేరే ఎవరో పెంచినవి. మన దగ్గర పుట్టి, మన దగ్గరే మూత తెరిచిన కూజాయే మన పెంపకం ఎలా ఉందో చెబుతుంది.

కొనేముందు కొన్నాళ్లు చదవడానికే పెట్టుకున్నాను. దానివల్ల కలిగిన మొదటి లాభం, పిచ్చర్ ప్లాంట్ పేరుతో దొరికేవన్నీ ఒకటి కావని తెలియడం. ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో పెరిగే సర్రసీనియాలకు కూజాలు నేల నుంచే గొట్టాల్లా నిలబడతాయి. వాటికి నేరుగా ఎండ బాగా కావాలి, కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిచి ఉండాలి, ఏటా కొన్ని నెలలు చలిలో నిద్రపోవాలి. నెపెంథిస్ అనే మరో రకం సంగతి వేరు. ఇవి ఎక్కువగా ఆగ్నేయాసియా అడవుల్లో పాకే తీగలు. చలినిద్ర అక్కర్లేదు. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. ఒకదాని కోసం రాసిన సలహాను రెండోదానికి పాటిస్తే మొక్క దక్కదు. అందుకే ఎవరైనా "పిచ్చర్ ప్లాంట్‌కి నీళ్లెలా పొయ్యాలి" అని అడిగితే, ముందు అది ఏ రకమో అడుగుతాను.

నేను పెంచుతున్నది నెపెంథిస్. ఇందులోనే 150కి పైగా జాతులున్నాయి. చాలా భాగం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ దీవులవి. పెంచేవాళ్లు వీటిని లోలాండ్, హైలాండ్ అని రెండుగా విడదీస్తారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల లోపు పెరిగే లోలాండ్ రకాలకు రాత్రి కూడా 20 డిగ్రీలకు తగ్గని వెచ్చదనం కావాలి. అంతకంటే ఎత్తులో పెరిగే హైలాండ్ రకాలకు రాత్రిపూట చల్లబడి తీరాలి, చాలావాటికి 10 నుంచి 15 డిగ్రీల దాకా. బోర్నియోలో కినబాలు కొండ మీద పెరిగే నెపెంథిస్ రాజా కూజాల్లో 3 లీటర్లకు పైగా నీరు పట్టేవి కూడా ఉంటాయి. ఆ ఫొటోలు చూశాక దాని మీద మనసు పడని మనిషి ఉండరు. కానీ రాత్రులు వెచ్చగా ఉండే మామూలు గదిలో అలాంటి మొక్క నెమ్మదిగా క్షీణిస్తుంది. నేను వెంట్రాటా అనే సంకర రకం ఎంచుకున్నాను. కొంత వేడినీ కొంత చల్లదనాన్నీ ఓర్చుకుంటుంది, పెరుగుదలలో చురుకు ఎక్కువ. మిరాండా అనే మరో సంకర రకం కూడా ఇంతే గట్టిది. మొదటి మొక్క ఏది తీసుకోవాలని ఎవరడిగినా ఈ రెండే చెబుతాను. అరుదైన జాతితో మొదలుపెట్టడం మొక్కకు అన్యాయం.

మొక్క ఇంటికొచ్చిన కొద్దిరోజులకే పాత కూజాలు మూత దగ్గర నుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. నీళ్లు ఎక్కువ పోస్తారు, కుండీ మారుస్తారు, ఎరువు వేస్తారు, చోటు మారుస్తారు. ఆ ఎండటానికి కారణం మామూలుదే. గాలిలో తేమ నిండిన గ్రీన్‌హౌస్ నుంచి పొడిగదిలోకి వచ్చిన మొక్క తన పాత కూజాలను నిలబెట్టుకోలేదు. అందుకని నేను కుండీ మార్చలేదు, ఏమీ వెయ్యలేదు. దారిలో ఒలికిపోయిన కూజాల్లో మూడోవంతు దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, పైన వదులుగా ఒక పారదర్శక కవరు కప్పి, దానికున్న రంధ్రాలను కొద్దికొద్దిగా పెద్దవి చేస్తూ పోయాను. పొద్దుటి ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచి అక్కడి నుంచి కదపలేదు. మొదట వచ్చిన కొత్త ఆకుల చివరి మొగ్గలు ఎండిపోయాయి. ఆకులు మాత్రం ఆరోగ్యంగా, ఒకదాన్ని మించి ఒకటి పెద్దవిగా వచ్చాయి. ఆకులు పెద్దవవుతున్నంతకాలం భయపడక్కర్లేదని చదివాను, దాన్నే నమ్ముకున్నాను. ఆ తర్వాత ఒక ఆకు కొసన మొగ్గ కిందికి వంగి, మళ్లీ పైకి తిరిగి, ఉబ్బడం మొదలుపెట్టింది.

ఆ ఉబ్బడం చూడటం ఎంత బాగుంటుందో చెప్పాలి. కూజా ఆకులో భాగమే. ముందు చదునుగా ఉన్న చిన్న మొగ్గ పొడవు సాగుతుంది. తర్వాత గాలి ఊదినట్టు నిండుతుంది. మూత ఇంకా మూసుకునే ఉంటుంది, అయినా లోపల ద్రవం అప్పటికే చేరుతుంది. ఒకరోజు మూత అంచు విడిపోయి పైకి లేస్తుంది. అక్కడితో అయిపోలేదు. నోటి చుట్టూ ఉన్న అంచు ఆ తర్వాతి రోజుల్లో బయటికి చుట్టుకుంటూ, గట్టిపడుతూ, రంగు తెచ్చుకుంటుంది. ఒకసారి తెరుచుకున్న మూత మళ్లీ మూసుకోదు. పురుగు పడగానే మూత టక్కున మూస్తుందని చాలామంది అనుకుంటారు, అలా జరగదు. వానకు లోపలి ద్రవం పలచబడకుండా అది గొడుగులా కాపాడుతుంది, మకరందం ఊరించి చీమల్ని పిలుస్తుంది.

పట్టుకునే పని ముఖ్యంగా ఆ అంచుది. దాని మీద సన్నని గీతలుంటాయి. తడిసినప్పుడు వాటి మీద నీటి పొర పరుచుకుని చీమ కాలికి పట్టు దొరకదు. 2004లో పరిశోధకులు ఈ సంగతి రుజువు చేశారు. నేను కిటికీ దగ్గర కూర్చుని దీన్ని చాలాసార్లు చూశాను. గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నం చీమలు అంచంతా తిరిగి, మకరందం తాగి, హాయిగా వెనక్కి వెళ్తాయి. గాలి తేమగా ఉన్నప్పుడు అదే దారిలో వచ్చిన చీమలు జారి లోపల పడతాయి. పొడివేళ క్షేమంగా వెళ్లిన చీమలు తోటి చీమల్ని వెంటబెట్టుకొస్తాయి కాబట్టి, మొక్కకు ఆ వదిలేయడం కూడా లాభమే. లోపలి గోడ పైభాగంలో మైనపు పొర ఉండే జాతుల్లో ఎక్కి బయటపడటం ఇంకా కష్టం. అడుగు భాగంలో ఉన్న గ్రంథుల నుంచి ఎంజైములు ఊరి పురుగును కరిగిస్తాయి.

కూజాలు నిజంగానే జీర్ణం చేసుకుంటాయని 1874లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హూకర్ బెల్‌ఫాస్ట్‌లో జరిగిన ఒక సభలో వివరించాడు. ఆయన కూజాల్లో గుడ్డు తెల్లసొన, మాంసం ముక్కలు వేసి అవి కరగడం గమనించాడు. అది పరిశోధన కోసం చేసిన పని. ఇంట్లో మాత్రం మాంసం, పాలు, మనం తినే ఏ పదార్థమూ కూజాలో వెయ్యకూడదు. అవి అరిగేలోపే కుళ్లి, కంపు కొట్టి, కూజాను కూడా కుళ్లబెడతాయి.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఈ మొక్క పురుగుల నుంచి తీసుకునేది ముఖ్యంగా నత్రజని, భాస్వరం. అది పుట్టిన నేలలో అవి దొరకవు కాబట్టే ఈ ఏర్పాటు. బతకడానికి, పెరగడానికి కావాల్సిన శక్తి మాత్రం మిగతా మొక్కల్లాగే వెలుతురు నుంచి తయారు చేసుకుంటుంది. పురుగు ఒక్కటీ పడకపోయినా చాలాకాలం బతుకుతుంది. వెలుతురు చాలకపోతే ముందు కూజాలు కట్టడం మానేస్తుంది. కిటికీ తెరిచి ఉంటే నా మొక్కకు చీమలు వాటంతటవే వస్తాయి. రాని రోజుల్లో చేపలకు వేసే ఎండు బ్లడ్‌వర్మ్స్ చిటికెడు తీసుకుని, నీటితో తడిపి, ఏదో ఒక్క కూజాలో వేస్తాను. మళ్లీ రెండు మూడు వారాల దాకా వెయ్యను. అన్ని కూజాలూ నింపాల్సిన అవసరం లేదు, ఒకచోట అరిగింది మొక్కంతటికీ అందుతుంది. ఇక ఇంటికొచ్చినవాళ్లు తప్పకుండా అడిగేది, ఇది దోమల్ని తింటుందా అని. అప్పుడప్పుడూ ఒకటీ అరా పడొచ్చు. దోమల బెడద తగ్గించుకోవడానికి ఈ మొక్క కొనేవాళ్లను నేను ఆపుతాను.

మట్టిలో ఎరువు వద్దు, కంపోస్టు వద్దు, అసలు తోటమట్టే వద్దు. ఆ వేళ్లు సారం తక్కువున్న, గాలి ఆడే మిశ్రమానికి అలవాటుపడినవి. నేను వాడేది రెండు పాళ్లు స్ఫాగ్నమ్ నాచు, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), ఒక పాలు చెట్టు బెరడు ముక్కలు. కొబ్బరి పీచు ముక్కలు కూడా కలపొచ్చు, కాకపోతే వాటిలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టి, ఆ పారబోసే నీటిలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల మోతాదు, తగ్గిందో లేదో చూశాకే వాడాలి.

టీడీఎస్ మీటర్ గురించి గట్టిగా చెప్పాలి. ఈ మొక్క కోసం ఒకే ఒక్క పరికరం కొనాలంటే అదే కొనండి. నీటిలో కరిగిన లవణాల్ని పీపీఎంలలో, అంటే పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చూపిస్తుంది. 50 లోపు ఉంటే నిశ్చింత, 100 దాకా సర్దుకోవచ్చు. కుళాయి నీళ్లు చాలాచోట్ల దీనికి ఎన్నో రెట్లుంటాయి. ఆ నీళ్లు పోసినా మొక్క వెంటనే ఏమీ అనదు. లవణాలు పోగవుతూ పోగవుతూ నెలల తర్వాత ఆకుల అంచులు మాడతాయి, అప్పటికి వేళ్లు దెబ్బతిని ఉంటాయి. వాననీళ్లు అన్నిటికంటే మంచివి. శుభ్రమైన బకెట్లలో పట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా మూత పెట్టి దాస్తాను. అవి అయిపోతే ఆర్వో నీళ్లు. కానీ ఇంట్లో వాడే చాలా ఫిల్టర్లు రుచి కోసం లవణాల్ని మళ్లీ కలుపుతాయి, కాబట్టి ఆర్వో అన్న పేరు చూసి ఆగకుండా మీటర్ ముంచి చూడాలి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు తక్కువే. అయినా లోపలి దుమ్మూ లోహపు మరకలూ కలిసొస్తాయని వాటిని నేను వాడలేదు.

పోసే పద్ధతి సులువు. పై నుంచి పోసి, కింది రంధ్రాల్లోంచి బాగా కారనిచ్చి, పళ్లెంలో చేరింది పారబొయ్యాలి. మళ్లీ ఎప్పుడు అన్నది వారంలో ఇన్నిసార్లు అని లెక్క కట్టలేం. నేను కుండీని చేత్తో ఎత్తి చూస్తాను. తడి ఉంటే బరువు తెలుస్తుంది. పైనున్న నాచు రంగు తేలి, కుండీ తేలికైనట్టు అనిపిస్తే పోస్తాను. పూర్తిగా ఎండనివ్వకూడదు, బురదగానూ ఉంచకూడదు.

వెలుతురు విషయంలో మొక్కే చెబుతుంది. ఆకులు ముదురుపచ్చగా, మెత్తగా, పొడవుగా సాగి, కొసన మొగ్గలు ఎదగకుండా ఆగిపోతే వెలుతురు చాలట్లేదు. ఆకుల్లో కొంచెం ఎర్రటి ఛాయ కనిపిస్తూ, కూజాలకు రంగు బాగా వస్తే సరిపోతోంది. మాడినట్టు గోధుమరంగు మచ్చలు పడితే మధ్యాహ్నపు ఎండ నేరుగా తగులుతోంది. పొద్దుటి రెండు మూడు గంటల ఎండ, మిగతా రోజంతా తెరచాటు వెలుతురు నా మొక్కకు బాగా నప్పింది. కిటికీ లేని గదిలో పెంచేవాళ్లు ఎల్ఈడీ గ్రో లైటు రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించి మంచి కూజాలు తెప్పించుకుంటున్నారు.

తేమ దగ్గర ఓపిక కావాలి. మొగ్గలు వరసగా ఎండిపోతుంటే నేను ముందు గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ చూస్తాను. 50 శాతానికి పైన ఉంటే వెంట్రాటా కూజాలు కడుతుంది, 60 దాటితే ఇంకా హుషారుగా. రోజుకు నాలుగుసార్లు ఆకుల మీద నీళ్లు చల్లమని చాలామంది చెబుతారు. దానివల్ల తేమ పెరిగేది కొద్ది నిమిషాలే, తర్వాత మళ్లీ మామూలే. నాకు పనికొచ్చింది వేరే: కుండీలన్నీ దగ్గర దగ్గరగా చేర్చడం, ఫ్యాను గాలీ ఏసీ గాలీ సూటిగా తగలని చోట పెట్టడం, గులకరాళ్లు పరిచిన వెడల్పు పళ్లెంలో కుండీ అడుగు తాకనంత నీళ్లు ఉంచడం. బాగా పొడిగా ఉండే రోజుల్లో చిన్న హ్యూమిడిఫయర్ పెట్టాను. మొగ్గ ఉబ్బడం మొదలయ్యాక చోటు మార్చడం, వెలుతురు మార్చడం మంచిది కాదు. ఆ దశలో అది చాలా సున్నితం.

కూజా కొన్ని నెలలుండి పై నుంచి ఎండుతుంది. ఎండినంత మేరే కత్తిరిస్తాను, కింద పచ్చగా ఉన్న భాగంలో ఇంకా జీర్ణం జరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఎండితే నులితీగ దగ్గర తీసేస్తాను. ఆకు జోలికి వెళ్లను. కూజా పోయినా ఆ ఆకు పచ్చగా ఉండి మొక్కకు ఆహారం తయారు చేస్తూనే ఉంటుంది. అందంగా లేదని దాన్ని కోసేస్తే మొక్క బలహీనపడుతుంది.

పురుగుల్ని తినే మొక్కకు పురుగుపడుతుందా అంటే, పడుతుంది. ఆకు కాండాన్ని అంటుకునే చోట తెల్లటి దూదిలా పిండినల్లి చేరుతుంది. పొలుసు పురుగు, తామర పురుగులు కూడా వస్తాయి. పిండినల్లి కనిపించగానే రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడిచి తీశాను, కొత్త పిల్లలు పుడతాయి కాబట్టి కొన్ని వారాలపాటు మళ్లీ మళ్లీ చూశాను. ఏ మందైనా కూజాలోపల పడకుండా జాగ్రత్తపడాలి.

కుండీ మార్చినప్పుడు ఆశ్చర్యపరిచేవి వేళ్లు. సన్నగా, నల్లగా, పెళుసుగా ఉంటాయి. తెల్లటి వేళ్లకు అలవాటుపడినవాళ్లు ఇవి కుళ్లిపోయాయనుకుని కత్తిరించేస్తారు. నల్లగా ఉండటం వాటి సహజ గుణం. కుళ్లినవైతే మెత్తగా నలిగిపోతాయి, వాసన వస్తుంది. పాత మిశ్రమాన్ని వేళ్ల నుంచి పూర్తిగా దులపకుండా, ముద్ద ముద్దగానే కొంచెం పెద్ద కుండీలోకి దించాను. రెండేళ్లకోసారి, లేదా నాచు కుళ్లి నీరు ఇంకడం తగ్గినప్పుడు మారిస్తే చాలు.

మొక్క ముదిరాక దాని రూపమే మారింది. కాండం పొడవు సాగి పాకడం మొదలుపెట్టింది, కర్ర ఆసరా ఇచ్చాను. కింది కూజాలు పొట్టిగా బొద్దుగా ఉండి, వాటి ముందువైపు రెండు సన్నని రెక్కలుండేవి. పైన వచ్చే కూజాలకు ఆ రెక్కలు దాదాపు పోయి, అడుగు సన్నబడింది. నులితీగ కర్రను చుట్టుకోవడం నేర్చింది. ఒకే మొక్క మీద రెండు తీరుల కూజాలు చూసి, ఇది వేరే రకమా అని అడిగినవాళ్లున్నారు.

అంత పొడవు సాగిన కాండాన్ని కత్తిరించి కటింగులు పెట్టాను. ఒక్కో ముక్కకు రెండు మూడు కణుపులు ఉంచి, ఆకుల్ని సగానికి కోసి, తడిపి పిండిన నాచులో నిలబెట్టి, పారదర్శకమైన డబ్బాలో నీడపట్టున వెలుతురు వచ్చేచోట పెట్టాలి. వేళ్లు రావడానికి నెల నుంచి మూడు నెలల దాకా పట్టొచ్చు. లాగి చూడాలన్న కోరిక ఆపుకోవాలి. కణుపు దగ్గర పచ్చటి మొలక లేచి ఆగకుండా పెరుగుతుంటే కింద వేళ్లు వచ్చినట్టే. తల తెగిన తల్లిమొక్క కూడా కింది కణుపుల నుంచి కొత్త పిలకలు వేసి ఇంకా గుబురుగా తయారైంది.

ఆ తర్వాత ఒకసారి కొస నుంచి నిటారుగా పూల కంకి వచ్చింది. నెపెంథిస్‌లో మగ, ఆడ మొక్కలు వేర్వేరు, పువ్వు వచ్చేదాకా ఏదో తెలియదు. చిన్నచిన్న పూలు, రేకులంటూ లేవు, మధ్యలో కాడ మీద పసుపు పుప్పొడి ఉండ. అంటే నాది మగ మొక్క. దాని కటింగులన్నీ మగవే కాబట్టి ఎన్ని పెంచినా వాటితో విత్తనం రాదు. అందుకని ఇప్పుడు ఒక ఆడ మొక్క కోసం వెతుకుతున్నాను. ఎక్కడ దొరికినా ముందు అడిగేది అది విత్తనం నుంచో, కటింగ్ నుంచో, టిష్యూ కల్చర్ (ల్యాబులో కణజాలం నుంచి పెంచడం) నుంచో వచ్చిందా, అడవి నుంచి తవ్వి తెచ్చిందా అనే. నెపెంథిస్ జాతులన్నీ సైటీస్ ఒప్పందం (అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) కింద నియంత్రణలో ఉన్నాయి. నెపెంథిస్ రాజా, మేఘాలయ కొండల్లో పెరిగే నెపెంథిస్ ఖాసియానా అయితే అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోనే ఉన్నాయి. భారతదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ జాతి ఆ ఖాసియానా ఒక్కటే. తవ్వి తెచ్చిన మొక్క ఎంత పెద్దదైనా, ఎన్ని కూజాలతో ఉన్నా నేను తీసుకోను.